తాత గదిలో నల్ల సంచులు

"ఆ చిలీ ఎవరూ ముట్టకపోతే పందులకి పోసేస్తాను," అంది లొరెట్టా.

ఆ ఇంట్లో పందులు లేవు. అమ్మేసి ఏళ్లయింది. ఆ సంగతి గుర్తుచేసే మొనగాడు బల్ల చుట్టూ ఎవడూ లేకపోయాడు.

ఆదివారం చర్చి నుంచి రాగానే గిన్నె నిండా మాంసం, చిక్కుడుగింజలు వేసిన చిలీ, పక్కన దాల్చినచెక్క పొడి చల్లిన తీపి రొట్టెచుట్ట. చలికాలంలో మా వైపు ఏ ఇంట్లో చూసినా ఈ జోడే. పై ఊళ్లవాళ్లు కారం, తీపీ ఒకే కంచంలోనా అని మూతి తిప్పుతారు. తిప్పనీండి. ఆ ఆదివారం మాత్రం లొరెట్టా ఇంట్లో, కుచెరా వాళ్లే తిప్పారు. చిలీ మీద తెట్టు కట్టింది.

"ఇంకోసారి చెప్పు. గ్వెన్ ఏమంది?" అన్నాడు ఎమిల్. లొరెట్టా మొగుడు, ధాన్యం గోదాములో పనిచేసే మనిషి. రెండోసారి తూస్తే బస్తా తేలికవుతుందేమోనని అతని ఆశ.

"శుక్రవారం సంక్షేమశాఖ నుంచి గ్వెన్ ఫోన్ చేసిన దగ్గర్నుంచి చెబుతూనే ఉన్నాను. సర్కారు అప్పగించిన పిల్లల్ని పెంచుతున్న ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లుంటే అంతమందీ పెంపకం ట్రైనింగు చెయ్యాలి. కొత్త చట్టం. నువ్వు చేశావు, నేను చేశాను, మావయ్య చేశాడు. షైలో చెయ్యలేదు. షైలోకి పద్దెనిమిది దాటాయి. మార్చి వచ్చేలోపు షైలో ట్రైనింగులోనైనా ఉండాలి, ఈ ఇంటి బయటైనా ఉండాలి. లేదంటే జూనీని వేరే ఇంటికి మారుస్తారు."

"జూనీ షైలో సొంత చెల్లెలు కదే!"

"చట్టంలో అక్క అన్న మాట లేదట."

"లేదు," అంది షైలో. అప్పటిదాకా రొట్టెచుట్టని విప్పుతోంది గానీ తినడం లేదు. "ఉండదు కూడా. నేనప్పుడు అక్కడే ఉన్నాగా."

ఎమిల్ తండ్రి లూడ్విక్ తాతకి నిశ్శబ్దం పడదు. ఎనభై దాటినా, నోరు ఇరవై దగ్గరే ఆగిపోయిన మనిషి.

"నేను మాత్రం ఒక్క క్లాసు మానలేదు," అన్నాడు. "చర్చి నేలమాళిగలో నన్ను ముందు వరసలో కూచోబెట్టారు. భయపడిన పిల్లల్ని ఎలా ఊరుకోబెట్టాలి అని ఆ పంతులమ్మ అడిగితే, నేను నదిలో పట్టిన వాలుగచేప సంగతి చెప్పాను. దాన్ని బయటికి లాగేసరికి నీళ్లు దిగిపోయి అవతలి ఒడ్డువాళ్లు నడుచుకుంటూ మన ఊరికి పెళ్లికొచ్చారు..."

"మావయ్యా."

"నిజంరా తల్లీ. పెళ్లికూతురు చెప్పులు కూడా తడవలేదు."

జూనీ నవ్వలేదు. తొమ్మిదేళ్లది. తాత కథకి నవ్వకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

* * *

పోయిన చలికాలం సంగతి మా ఊరంతా ఎరుగుదురు. లొరెట్టా నీలం కోటు అరువు తొడుక్కుని షైలో రాజధానికి వెళ్లింది. ఒకేరోజు రెండు గదుల్లో రెండు బిల్లుల మీద శాసనసభ్యుల ముందు మాట్లాడింది.

మొదటి గదిలో అడిగిందేమిటంటే: మా లాంటివాళ్లు ఊరి పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివితే, పెద్ద యూనివర్సిటీ ఆ చదువంతా లెక్కలోకి తీసుకుని మూడో ఏట్లో చేర్చుకోవాలి. మళ్లీ మొదట్నుంచి చదవమనకూడదు. సర్కారు పెంపకంలో పెరిగిన పిల్లలకి రుసుము ఉండకూడదు. సభ్యులు సరే అన్నారు. ఒక్కటే మెలిక పెట్టారు: మధ్యలో ఏ పాఠమూ వదలకూడదు. వదిలితే ఆ సీటు పోతుంది.

రెండో గదిలో అడిగింది వేరు. కుచెరా వాళ్లింటికి రాకముందు అక్కాచెల్లెళ్లు ఇంకో ఇంట్లో ఉండేవాళ్లు. ఆ ఇంటి తల్లీ తండ్రీ ట్రైనింగు పొందినవాళ్లే, మర్యాదస్తులే. ఎదిగిన కొడుకొకడుండేవాడు. ఏ ట్రైనింగూ లేదు, ఎవరూ అడగలేదు. జూనీని బంగాళాదుంపలు నిలవుంచే కొట్టుగదిలోకి తోసి గొళ్లేనికి తాళం వేసేవాడు. ఊరికే, నవ్వుకోడానికి. ఇంట్లోవాళ్లు ఆ సంగతి దాచారు.

"తల్లిదండ్రులకి మాత్రమే కాదు. ఆ కప్పు కింద పడుకునే ప్రతి పెద్దమనిషికీ ట్రైనింగు ఉండాలి. ఎవరికీ మినహాయింపు వద్దు," అని షైలో ఆ గదిలో చెప్పింది. అప్పుడామె గొంతు వణకలేదంటారు. ఎవరికీ మినహాయింపు వద్దన్న మాట సభ్యులకి ఎంత నచ్చిందంటే, దాన్ని ఉన్నదున్నట్టు చట్టంలో పెట్టేశారు.

రెండూ నెగ్గాయి. ఆ రోజు లొరెట్టా గసగసాల కొలాచీ రొట్టెలు చేసి వీధి వీధంతా పంచింది. షైలో మాట్లాడుతుంటే రాజధానిలో శాసనసభ గోపురం పక్కకి ఒరిగిందనీ, ఇప్పటికీ కాస్త వంకరగానే ఉందనీ తాత చెప్పుకుంటూ తిరిగాడు.

* * *

"తప్పు నాది," అంది లొరెట్టా, గిన్నెలు తీస్తూ. "ఇంట్లో పెద్దవాళ్లెవరు, ట్రైనింగుకి ఎవరెవరి పేర్లు అని అడిగితే, ముగ్గురమే అన్నాను. నువ్వు నా వెనకే నిలబడి యాపిల్ తింటున్నావు. నువ్వు పెద్దమనిషివన్న ఆలోచనే నాకు రాలేదు. పెంచేవాళ్లకి ట్రైనింగు గానీ, పెరిగేదానికేమిటి అనుకున్నాను."

"నేనూ అనుకోలేదు ఆంటీ," అంది షైలో.

పాపం, అదే నిజం. తాను అడిగి తెచ్చిన చట్టం తన తల మీదే పడుతుందని షైలోకీ తోచలేదు. ఆ ఇంట్లో తాను పిల్లే. రాత్రి ఆలస్యమైతే లొరెట్టా వరండా దీపం ఆర్పదు. తడిబూట్లతో వస్తే తిడుతుంది. అలాంటి చోట మనిషి తన వయసు మర్చిపోతుంది.

"అయితే ఇప్పుడు చేసెయ్ ట్రైనింగు," అన్నాడు ఎమిల్. "మంగళవారమేగా మొదలు?"

"మంగళవారం, గురువారం సాయంత్రాలు అంకుల్. నా రసాయనశాస్త్రం ప్రయోగాలూ మంగళవారం, గురువారం సాయంత్రాలే."

"ప్రయోగాలు తర్వాత చేసుకోకూడదా?"

"వదిలితే సీటు పోతుంది."

"మరి ట్రైనింగు తర్వాత..."

"మళ్లీ ఆకులు రాలే కాలానికి గానీ పెట్టరు."

ఎమిల్ చేతిలో చెంచా బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఎవడయ్యా ఈ రోజులు కుదిర్చింది?"

"ఎవరూ కుదర్చలేదు అంకుల్. అలా పడ్డాయి."

తిట్టడానికి ఒక్క దుర్మార్గుడైనా దొరికితే ఎమిల్‌కి కాస్త ఊపిరి ఆడేది. దొరకలేదు. రెండు చట్టాలూ మంచివే. పెట్టినవాళ్లూ మంచివాళ్లే. అడిగింది తమ పిల్లే.

"నేను వెళ్లిపోతాను," అంది షైలో. "కాలేజీ దగ్గర నా స్నేహితురాలి చక్రాల ట్రైలర్ ఇంట్లో సోఫా ఉంది. వసంతం అయ్యేదాకా ఎలాగో గడిచిపోతుంది."

"ఆ తర్వాత?"

"యూనివర్సిటీకి వెళ్తాను. పశువైద్యం చదువుతాను. సంపాదన మొదలవగానే జూనీని నాతో తీసుకెళ్తాను. మొదట్నుంచీ అనుకున్నది అదేగా."

"అప్పటికి అది నీ అంత అవుతుందే పిచ్చిదానా! అప్పటిదాకా అది నిద్రపోవద్దూ?" లొరెట్టా గిన్నెల తొట్టి వైపు తిరిగిపోయింది. "పోయిన నెల నువ్వు మంచుతుఫానులో కాలేజీ దగ్గరే చిక్కుకుపోయావు. ఆ రాత్రి అది మేలుకుని గొళ్లాలన్నీ తీసి పెట్టింది. గొళ్లెం వేస్తే ఏడుపు. గుమ్మం దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎత్తుకోబోతే నన్ను కొరికింది. నన్ను! అమ్మా అని పిలిచే నోటితో."

షైలో మేడ మీద గదిలోకి వెళ్లి నీలం పెట్టె మంచం కిందనుంచి లాగింది.

ఆ పెట్టెకో కథ ఉంది, ఇది తాత చెప్పే రకం కాదు. అక్కాచెల్లెళ్లు ఈ ఇంటికొచ్చిన రోజున వాళ్ల బట్టలు చెత్త వేసుకునే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగే పిల్లలకి సామాన్యంగా దక్కేవి అవే. లొరెట్టా ఆ సంచుల్ని వాళ్ల కళ్లముందే పెరట్లో ఇనప పీపాలో వేసి తగలెట్టింది. మర్నాడు ఇద్దరికీ చెరో పెట్టె కొంది. "మీరు చెత్త కాదు. ఈ ఇంట్లో ఇంక నల్ల సంచి కనబడదు," అంది.

పెట్టె తెరవబోతే జూనీ వచ్చి దాని మీద కూర్చుంది.

"లే, బంగారం."

"లేవను."

"వారం వారం వస్తానుగా."

"అక్కడ నాన్న కూడా అలాగే అన్నాడు."

ఏ నాన్న అని షైలో అడగలేదు. అక్కడ అంటే ఆ బంగాళాదుంపల కొట్టున్న ఇల్లేనని ఆమెకి తెలుసు. తానూ ఆ పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది. సాయంత్రం దాకా ఎవరూ వాళ్లని పిలవలేదు.

* * *

ఉపాయం ఎమిల్‌ది. మంచి మనుషులకి వచ్చే చెడ్డ ఉపాయాలు మరీ ప్రమాదం, ఎవరూ అనుమానించరు గనక.

"వెళ్లినట్టు చెబుదాం," అన్నాడు సోమవారం పొద్దున. "పేరుకి మాత్రం. ఆ ట్రైలర్ చిరునామా ఇద్దాం. పిల్ల ఇక్కడే పడుకుంటుంది. మార్చి, ఏప్రిల్, మే. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. ట్రైనింగు ఆకులు రాలే కాలంలో చేస్తుంది. ఎవరి కొంప మునుగుతుంది?"

"ఆ ఇంట్లో కూడా దాచేవాళ్లు అంకుల్," అంది షైలో.

"వాళ్లు దాచింది వేరు, మనం దాచేది వేరు. మనం నిన్ను దాస్తున్నాం."

"దాచేవాళ్లందరికీ వేరుగానే ఉంటుంది."

లొరెట్టా ఏదో ఒకటి అంటుందని ఇద్దరూ చూశారు. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని పెంచుతున్న మనిషి, గ్వెన్‌తో ఒక్క అబద్ధమాడని మనిషి. బడి వంటశాలకి వెళ్లే వేళయింది. తలకి జాలీ కట్టుకుంటూ అద్దంలోకి చూసి, "జూనీ నిద్రపోవాలి," అంది. అంతే.

షైలో తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు. పుస్తకాల సంచి తగిలించుకుని కాలేజీకి వెళ్లిపోయింది. అలిసిపోయిన పిల్ల ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం గ్వెన్ వస్తుంది. షైలో గదిలో షైలో బట్టలుండకూడదు. ఆ పని ఎమిల్ పొద్దున్నే మొదలుపెట్టాడు. నీలం పెట్టెని తాత గదిలోకి తెచ్చాడు. తాత మంచం పాతకాలంది, నేలకి జానెడు ఎత్తు. పెట్టె దూరలేదు. నిలబెట్టాడు, అడ్డంగా తోశాడు, తిట్టాడు.

"మీ అమ్మ ఈ మంచం మీదే నిన్ను కంది," అన్నాడు తాత. "అప్పుడింకా ఎత్తుగా ఉండేది. నువ్వు పుట్టిన బరువుకి కుంగిపోయింది."

ఎమిల్ నవ్వకుండా సామాన్ల గదిలోకి వెళ్లి, చేతికి దొరికినవి తెచ్చాడు. రెండు నల్ల సంచులు. బట్టలు కుక్కితే మెత్తగా, చదునుగా, మంచం కిందికి చక్కగా జారిపోయాయి.

వాటిని చూసి తాత ఏదో అనబోయాడు. ఎమిల్‌కి గోదాముకి వేళవుతోంది. తాత ఊరుకున్నాడు. జీవితంలో ఎన్నోసార్లు ఊరుకోవాల్సిన చోట మాట్లాడాడు గదా, ఆ రోజు తిరగబడింది.

* * *

"బాగున్నావా అమ్మాయ్! ఎన్నాళ్లయింది చూసి!" అన్నాడు తాత, గ్వెన్ ఎదుట షైలోతో, చెవుడొచ్చిన మనిషితో మాట్లాడినంత గట్టిగా.

షైలో కోటు విప్పకుండా బల్ల దగ్గర కూర్చుంది, చెల్లెల్ని చూడ్డానికి వచ్చిన చుట్టంలా. రావచ్చు, దానికి చట్టం అడ్డు లేదు. తన ఇంట్లో తాను కోటు తొడుక్కుని కూర్చోవడం మాత్రం ఎంత ఉక్కగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. లొరెట్టా ఆమె ముందు కాఫీ పెట్టింది, చుట్టాలకి పెట్టే పింగాణీ కప్పులో.

"పొద్దున్నే కదా అక్కని చూశావు తాతా," అంది జూనీ.

"అంటే... చర్చిలో," అన్నాడు ఎమిల్.

"ఇవాళ బుధవారం."

గ్వెన్ కాఫీ వైపు చూస్తూ ఉండిపోయింది. చిన్న వయసు, కళ్ల కింద పెద్ద వయసు. ఆ కోటు అబద్ధమని ఆమెకి తెలియక కాదు. ఆ ఇంట్లో ఆమె ఎన్నోసార్లు భోంచేసింది.

"షైలో ఇప్పుడు కాలేజీ దగ్గరుంటోంది. అంతేగా లొరెట్టా గారూ?"

"అంతే."

"గదులు పోయినసారే చూశాను. మళ్లీ చూడక్కర్లేదు." ఆ చివరి మాట కొంచెం గట్టిగానే అంది, ఇల్లంతటికీ వినబడేలా. "నేను చూడనివి నేను రాయను."

లొరెట్టా ఊపిరి వదిలింది. ఎమిల్ కుర్చీలో వెనక్కి వాలాడు. పని జరిగిపోయినట్టే. గ్వెన్ లేచి స్కార్ఫు చుట్టుకుంది. గుమ్మం దగ్గర, వచ్చినప్పుడల్లా అడిగే మాట, అడగాల్సిన మాట, వంగి జూనీని అడిగింది.

"నాతో ఏమైనా చెప్పాలా జూనీ?"

జూనీ ఒకసారి అక్క వైపు చూసింది.

"తాత మంచం కింద నల్ల సంచులున్నాయి," అంది.

గ్వెన్ తలుపు మీదినుంచి చెయ్యి తీసేసింది.

"నా బంతి దొర్లిపోతే చూశాను. వాటి నిండా అక్క బట్టలే. అక్కని పంపించేస్తున్నారు. నల్ల సంచుల్లో పెట్టారంటే పంపించేస్తున్నట్టే. నాకు చెప్పకుండా దాచారు. అక్క ఈ ఇంట్లోనే ఉంది గ్వెన్, నా పక్క గదిలోనే పడుకుంటుంది, రాత్రి కూడా అక్కడే పడుకుంది. నువ్వు వీళ్లకి చెప్పు. పంపించొద్దని చెప్పు."

"జూనీ..." అన్నాడు ఎమిల్.

"పెద్దవాళ్లు ఏదైనా దాస్తే గ్వెన్‌కి చెప్పెయ్యమంది అక్క! ఎవరు దాచినా సరే, ఎంత మంచివాళ్లయినా సరే చెప్పెయ్యమంది!"

ఆ మాటే ఆ పిల్లని బంగాళాదుంపల కొట్టులోంచి బయటికి తెచ్చింది. చీకట్లో, గొళ్లెం అవతలి నుంచి షైలో నేర్పిన మాట అది. ఏళ్లయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు.

గ్వెన్ అలాగే వంగి ఉంది, లేవడం మర్చిపోయినట్టు.

"గ్వెన్ అమ్మాయ్," అంది లొరెట్టా, మెల్లిగా. "చిన్నపిల్ల మాట..."

"విన్నాను లొరెట్టా గారూ." గ్వెన్ కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "చూడకుండా ఉండగలను. ఒక పిల్ల నాతో చెప్పింది వినలేదనలేను. నాకు ముందు ఈ పని చేసి, అలా వినలేదన్న మనిషి వల్లే వీళ్లు ఆ ఇంట్లో అంతకాలం ఉన్నారు. ఆ మనిషిని తీసేశాకే నాకీ ఉద్యోగం వచ్చింది."

ఫోన్ తీసుకుని మంచులోకి నడిచింది. కిటికీలోంచి ఆమె వీపు, నోటి ఆవిరి కనబడుతున్నాయి గానీ మాటలు వినబడలేదు.

పెద్దవాళ్లందరి మొహాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, జూనీ అక్క దగ్గర ఆగింది.

"సరిగ్గానే చెప్పానా అక్కా?"

షైలోకి ఆ క్షణంలో కావలసినంత కోపం ఉండాలి. ఎక్కడ దాచిందో తెలీదు. కాదంటే, ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పదు. ఏ కొట్టులో వేసినా చెప్పదు.

"సరిగ్గానే చెప్పావు," అంది.

లేచి, కోటు విప్పి, గుమ్మం పక్కన తన కొక్కేనికి తగిలించింది. ఎప్పుడూ తగిలించే చోటే. కింద జూనీ బూట్లు, మంచు కరిగి చిన్న మడుగులో ఉన్నాయి.

"తాతా, ఒక కథ చెప్పు," అంది జూనీ, గాలి మారాలని కాబోలు. "అక్క ఇక్కడే ఉండే కథ."

తాత నోరు తెరిచాడు. నదిని దింపినవాడు, గోపురాన్ని వంచినవాడు. నోరు అలాగే కాసేపు తెరిచి ఉంచి, మూసేశాడు.

తలుపు తోసుకుని గ్వెన్ వచ్చింది. బూట్ల మంచు దులుపుకోలేదు.

"మార్చి దాకా ఆగమంటే మా పైవాళ్లు ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పారు గనక ఆగేది లేదన్నారు. ఇవాళే అంటున్నారు."

"ఏమిటి ఇవాళే?" లొరెట్టా బల్ల అంచు పట్టుకుంది. "ఎవరిని, గ్వెన్? షైలోనేగా? షైలోనే కదూ వెళ్లాల్సింది?"

గ్వెన్ కొక్కేనికి వేలాడుతున్న కోటు కింద, మడుగులో ఉన్న జూనీ చిన్న బూట్ల వైపు చూస్తోంది.